కోదాడ చిరునామా

ఆ పిల్ల మా బ్రాంచికి మొదటిసారి వచ్చిన రోజు బయట ఎండ మండిపోతోంది. యాసంగి వడ్లు అమ్ముకున్న రైతులు పాస్‌బుక్కులు పట్టుకుని హాలంతా నిండి ఉన్నారు. నేను నా కౌంటర్లో తల దించుకుని పని చేసుకుంటున్నాను. ఉన్నట్టుండి మాటల చప్పుడు తగ్గింది. తలెత్తి చూస్తే తలుపు దగ్గర ఒక ఆఫ్రికా అమ్మాయి నిలబడి ఉంది. పొడుగ్గా, సన్నగా, తలనిండా చిన్న చిన్న జడలు, వీపుకు కాలేజీ బ్యాగు. అందరూ తనవైపే చూస్తుంటే ఎటు చూడాలో తెలియక గోడమీది వడ్డీ రేట్ల బోర్డు చదువుతున్నట్టు నిలబడింది.

గార్డు ఆమెను నా కౌంటర్ వైపు పంపాడు. బ్రాంచిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి పంపి ఉంటాడు. దగ్గరికి వచ్చి, "దాదా" అని పిలిచింది. వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. గార్డు కూడా నవ్వు ఆపుకోలేక, "మేడం, మిమ్మల్ని రౌడీని చేసింది" అన్నాడు. వాళ్ల భాషలో దాదా అంటే అక్క అని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఏమీ అర్థం కాక, ఏం కావాలని ఇంగ్లీషులో అడిగాను. నా ఇంగ్లీషు పుస్తకాల్లో నేర్చుకున్నది, ఆమెది వేరే యాస. ఒకరి మాట ఒకరికి అందడానికి కాసేపు పట్టింది. చివరికి తేలింది ఇది: ఆమె కోదాడ బయట ఉన్న ఒక ఫార్మసీ కాలేజీలో చదువుతోంది. తన పేరుమీద ఒక ఖాతా కావాలి.

నేను మేనేజర్ దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన కోస్తా మనిషి, మెత్తనివాడే, కానీ ఆడిట్ అంటే భయం.

"మన బ్రాంచిలో ఫారినర్ అకౌంటు ఎప్పుడూ తెరవలేదమ్మా. సూర్యాపేట పెద్ద బ్రాంచికి వెళ్లమని చెప్పండి" అన్నాడు.

వచ్చి అదే చెప్పాను. ఆమె తల ఊపి, నాకు చూపించిన తన పాస్‌పోర్టు తీసుకుని వెళ్లిపోయింది. అద్దాల తలుపు అవతల ఎండలో నిలబడి ఏ దిక్కుకు పోవాలో తెలియనట్టు అటూ ఇటూ చూడటం కనిపించింది. వరుసలో తర్వాతి ముసలాయన పాస్‌బుక్కు నా ముందు పెట్టాడు. నేను పనిలో పడిపోయాను.

అప్పటికి నేను కోదాడకు వచ్చి ఏడాది దాటింది. మాది మిర్యాలగూడ. మా నాయన రైస్‌మిల్లులో గుమాస్తాగా చేసి, నా పెళ్లైన కొన్నాళ్లకే పోయాడు. నన్ను సూర్యాపేటకిచ్చి చేశారు. ఆ పెళ్లి నిలవలేదు. కొట్టుకున్నదీ తిట్టుకున్నదీ లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు కిరాయిదార్ల లెక్క ఉండేవాళ్లం. పెద్దమనుషులు కూర్చున్నారు, కోర్టు కాగితాలయ్యాయి, నేను మిర్యాలగూడలో అన్న ఇంటికి తిరిగొచ్చి బ్యాంకు పరీక్షలు రాశాను. ఉద్యోగమొచ్చి కోదాడలో వేశారు. ఇల్లు వెతుక్కునేటప్పుడు ప్రతి గుమ్మం దగ్గరా ఒకటే మాట: మీ ఆయన ఎక్కడ చేస్తాడు. నిజం చెప్పగానే, మొన్నే వేరేవాళ్లకు మాటిచ్చామనేవాళ్లు. ఆఖరుకు ఒక రిటైరైన టీచరమ్మ మేడమీద గది ఇచ్చింది. ఆమె పెళ్లి చేసుకోలేదు. కింద తనొక్కతే, పైన నేనొక్కదాన్ని. నీళ్ల మోటారు గురించి తప్ప మా మధ్య పెద్దగా మాటలుండేవి కావు.

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల మళ్లీ వచ్చింది. సూర్యాపేటలో, నువ్వుండేది కోదాడ కాబట్టి కోదాడలోనే తెరవాలన్నారట. మేనేజర్ నిట్టూర్చి, ఏమేం కాగితాలు కావాలో పై ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు. భోజనాల వేళయింది. ఆమె హాల్లో బెంచీమీద కూర్చుంది. నేను టిఫిన్ డబ్బా తీసుకుని, పాత ఫైళ్లు పెట్టే గదివైపు నడిచాను. మిగతా స్టాఫ్ మగవాళ్లంతా ఒక బల్ల దగ్గర తినేవాళ్లు. వద్దని నన్ను ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు.

బెంచీ దాటుతుంటే ఆ పిల్ల నన్ను చూసి, స్పష్టంగా తెలుగులో, "తిన్నావా?" అని అడిగింది.

నేను ఆగిపోయాను. ఆ తెలుగు ఎక్కడిదని అడిగితే చెప్పింది. మొదట్లో ఉన్న హాస్టల్లో వంటచేసే ఆమె రోజూ ఎదురుపడగానే ఆ మాట అనేదట. ఇక్కడ మనుషులు కలిస్తే పలకరింపు అదే అనుకుని నేర్చుకుందట. అర్థం అడిగితే నమస్తే అంది. నేను అసలు అర్థం చెప్పలేదు. తన పలకరింపు అట్లనే ఉండనిమ్మనిపించింది. నాకైతే ఆ మాట వినక ఎన్నాళ్లయిందో గుర్తు తెచ్చుకోబోయి, మానేసి, రమ్మని ఆ గదిలోకి పిలిచాను. డబ్బా మూతలో సగం అన్నం, బీరకాయ కూర పెట్టాను. కారానికి కళ్ల నీళ్లొచ్చినా మొత్తం తింది.

తింటూ తన సంగతి చెప్పింది. టాంజానియాలో ఒక పెద్ద సరస్సు ఒడ్డున వాళ్ల ఊరు. తల్లి ఎండుచేపలు అమ్ముతుంది. పిన్ని ఒక దవాఖానలో నర్సు. ఆ దవాఖానలో మందులిచ్చే పెద్దాయన ఇండియాలో చదివి వచ్చినవాడు కావడంతో పిన్ని ఈమెను కూడా ఇక్కడికే పంపింది. తనతో ఇంకో ఇద్దరమ్మాయిలు వచ్చారు. మొదటి ఏడాది కాగానే వాళ్లు హైదరాబాదులో వేరే కాలేజీకి మారిపోయారు. ఈమె ఫీజు ముందే కట్టేసి ఉండటంతో మారే వీలు లేకపోయింది. హాస్టల్ తిండి ఒంటికి పడక ఊళ్లో ఒక గది తీసుకుంది. ఇన్నాళ్లూ పిన్ని పంపే డబ్బు హైదరాబాదులో వాళ్ల దేశపు సీనియర్ ఒకతని ఖాతాలోకి వచ్చేది. అతను చదువైపోయి ఇంటికి వెళ్లిపోయాడు. అందుకే ఖాతా కోసం తిరుగుతోంది.

ఇదంతా చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏడుపేమీ లేదు. ఒక్కటి మాత్రం తల దించుకుని చెప్పింది. సెలవుల్లో కొన్నిసార్లు రోజంతా నోరు తెరిచే పని ఉండదట. అప్పుడు తన భాషలో తనతోనే మాట్లాడుకుంటుందట, మర్చిపోతానేమోనని. నేను కూడా అట్లనే మాట్లాడుకుంటానని చెప్పలేకపోయాను.

సాయంత్రానికి మేనేజర్ కనుక్కుని చెప్పాడు. పాస్‌పోర్టు, వీసా, కాలేజీ ఉత్తరం చాలవు. ఇప్పుడుంటున్న చిరునామాకు రుజువు కావాలి. పోలీస్ రిజిస్ట్రేషన్‌లో హాస్టల్ చిరునామా ఉంది, అది మార్పించుకోవాలి. దానికి ఇంటి ఓనరు సంతకంతో కిరాయి కాగితం కావాలి. ఆ పిల్ల అన్నీ ఒక కాగితంమీద రాసుకుని, థాంక్యూ చెప్పి వెళ్లింది.

వారమైనా రాలేదు. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తుంటే రోడ్డుపక్కన కనబడింది. ఏమైందని అడిగితే ఓనరు సంతకం పెట్టనన్నాడంది. ఆయన మాటలు తనకు అర్థం కావు, తన మాటలు ఆయనకు అర్థం కావు, కోపం మాత్రం అర్థమైందంది. సరే పద, నేను మాట్లాడతానని వెంట వెళ్లాను.

ఓనరు ఒక ఎరువుల కొట్టు నడిపే మనిషి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లిప్పించాడు. మేడం అని మర్యాదగానే మాట్లాడాడు. కాగితం సంగతి ఎత్తగానే ముఖం మారింది. పోలీసులు ఇంటిచుట్టూ తిరుగుతారు, రేపు ఈ పిల్లకేమైనా అయితే నామీదికొస్తది, అసలు ఇరుగుపొరుగు ఇప్పటికే అడుగుతున్నారు, ఈ నెలాఖరుకు ఖాళీ చేయమని చెబుదామనుకుంటున్నా అన్నాడు. నేను ఆమె చదువు గురించి, బ్యాంకు నియమాల గురించి చెప్పుకుంటూ పోయాను. ఆయన కాసేపు విని అన్నాడు.

"ఇన్ని చెబుతున్నారు గదా మేడం. మీ ఇంట్లో పెట్టుకుంటారా?"

నాకు ఇల్లెక్కడుంది. బయటికి వచ్చాక ఆ పిల్ల ఏమన్నాడని అడిగింది. ఒప్పుకోలేదని మాత్రం చెప్పాను. ఆమె తల ఊపింది. ఆ తల ఊపడం చూస్తుంటే నాకు ఇళ్లు వెతుక్కున్న రోజులు గుర్తొచ్చాయి. నేను కూడా సరిగ్గా అట్లనే తల ఊపి మెట్లు దిగేదాన్ని.

ఇంటికి వచ్చాక ఆయన మాటే తిరుగుతూ ఉండిపోయింది. నా గది పక్కన ఇంకో చిన్న గది ఉంది, పాత సామాన్లతో తాళం వేసి. చీకటి పడకముందే కిందికి దిగి టీచరమ్మను అడిగాను. ఆమె కందిపప్పు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"ఎవరో ఏమిటో తెలియని పిల్ల. భాష రాదు. రేపు ఏదన్నా అయితే ఎవరు చూస్తారు?" అంది.

నేను చూస్తానన్నాను. ఆ మాట అంత తొందరగా ఎట్లా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది. ఆమె అప్పుడు చేట పక్కన పెట్టి నావైపు చూసింది. ఏడాదిలో మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"జనం మాటలకు నేను భయపడను అమ్మాయ్. ఒంటరిగా ఉన్నానని ఈ ఊరు నన్ను అనని మాట లేదు. ఆ పిల్లను ఒకసారి తీసుకురా, చూస్తాను" అంది.

మర్నాడు తీసుకొచ్చాను. టీచరమ్మ సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఇంగ్లీషు మాట్లాడటం అలవాటు తప్పినా, ఒక్కో మాట కూడదీసుకుని అడిగింది. ఏం చదువుతున్నావు, ఇంట్లో ఎవరెవరున్నారు, జ్వరమొస్తే ఎవరు చూస్తున్నారు. చివరి ప్రశ్నకు ఆ పిల్ల, ఎవరూ లేరు, కాలేజీలో నేర్చుకున్న మందే వేసుకున్నానని చెప్పింది. టీచరమ్మ లేచింది. లోపలికి వెళ్లి ఆ గది తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, కిరాయి కాగితంమీద సంతకం పెడతానంది. చేపలు మేడమీదే వండుకోవాలి, వాసన కిందికి రాకూడదు, అంతే షరతు.

ఇక పోలీస్ రిజిస్ట్రేషన్. దానికి సూర్యాపేటలో జిల్లా పోలీసు ఆఫీసుకు పోవాలి. ఆ పిల్ల ఒక్కతే పోతానంది. నేను సెలవు పెట్టి వెంట బయల్దేరాను. సూర్యాపేట వదిలాక నేను ఆ ఊళ్లో దిగలేదు. హైదరాబాదు పోవాల్సి వచ్చినా, బస్సు అక్కడ ఆగితే కిటికీలోంచి ముఖం తిప్పుకునేదాన్ని.

పల్లెవెలుగు బస్సు ఎక్కాం. మునగాల దాకా నిలబడే ఉన్నాం. వెనకసీట్లో కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తి ఆమెను వీడియో తీస్తుంటే కండక్టర్ గద్దించాడు. సీటు దొరికాక పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ చాలాసేపు ఓపిక పట్టి, ఇక ఉండలేక ఆమె జడ ఒకటి వేళ్లమధ్య పట్టుకుని చూసింది. ఇన్ని జడలు ఎవరేసిన్రు బిడ్డ అని అడిగింది. నేను ఆ పిల్లను అడిగి చెప్పాను. తానే అద్దంలో చూసుకుంటూ వేసుకుంటుందట, ఇంటి దగ్గరైతే తల్లి వేసేదట, ఇక్కడ రెండు రోజులు పడుతుందట. ముసలమ్మ బాధగా నోరు చప్పరించి, జడ వదిలేసి, ఆ పిల్ల చెయ్యి మీద చెయ్యి వేసి చివ్వెంల దగ్గర దిగేదాకా అట్లనే ఉంచింది.

పోలీసు ఆఫీసులో ఎక్కువసేపే కూర్చోవలసి వచ్చింది. అక్కడి ఆమె కంప్యూటర్‌లో చూసి, వివరాలు ఎక్కించుకుని, కిరాయి కాగితం స్కాన్ చేసుకుంది. కాగితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది, కాలేజీకే పంపుతామంది. అంతే. ఏమేం అడుగుతారో అని భయపడ్డంత లేదు.

బస్‌స్టాండుకు తిరిగొచ్చి కోదాడ ప్లాట్‌ఫారం దగ్గర నిలబడ్డాం. అప్పుడు చూశాను. నాలుగడుగుల దూరంలో సిమెంటు బెంచీమీద మా అత్తమ్మ కూర్చుని ఉంది. అప్పటి అత్తమ్మ. కాళ్ల దగ్గర కూరగాయల సంచి. మనిషి చిక్కింది. నేను పక్కకు జరుగుదామనుకునేలోపే ఆమె కళ్లు నామీద పడ్డాయి.

"మంచిగున్నవా?" అంది.

"ఉన్న అత్తమ్మా" అన్నాను. ఇంకేమనాలో ఇద్దరికీ తెలియలేదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ కూడా మేమిట్లనే ఉండేవాళ్లం. వంటింట్లో ఒకరికొకరు అడ్డం రాకుండా తప్పుకుంటూ, అవసరమైన మాట మాత్రం అనుకుంటూ.

ఆ పిల్ల నా ముఖం, ఆమె ముఖం చూసింది. తెలిసినవాళ్లని మాత్రం అర్థమైనట్టుంది. ముందుకొచ్చి కొద్దిగా వంగి, తనకొచ్చిన పలకరింపుతో, "అమ్మా, తిన్నావా?" అంది.

అత్తమ్మ తెల్లబోయి చూసింది. తర్వాత ఆమె ముఖంలో ఎప్పుడూ చూడని మెత్తదనం వచ్చింది. "తిన్న బిడ్డ. నువ్వు తిన్నవా?" అంది. సంచిలో చెయ్యిపెట్టి రెండు జామకాయలు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఒకటి నాకని చెప్పలేదు, కానీ రెండు ఇచ్చింది. అంతలో ఆమె బస్సు వచ్చింది. ఎక్కబోతూ సంచి ఎత్తలేక సతమతమైంది. నేను వెళ్లి సంచి అందించాను. బస్సు కదిలింది.

ఎవరు ఆమె అని ఆ పిల్ల అడిగింది. ఇంగ్లీషులో ఒక్కమాటలో చెప్పడం కుదరక, కొంతకాలం ఆమె ఇంట్లో ఉన్నానని చెప్పాను. ఓనరా అని అడిగింది. అట్లాంటిదే అన్నాను. కోదాడ దాకా కిటికీ బయటికే చూస్తూ జామకాయ తిన్నాను.

కాగితం రాగానే ఖాతా తెరిచాం. మేనేజర్ ప్రతి పేజీ తిప్పి తిప్పి చూసి ఆఖరుకు సంతకం పెట్టాడు. ఆమె ఫోనుకు మెసేజ్ రాగానే హాలు మధ్యలో నిలబడే తల్లికి వీడియో కాల్ చేసింది. వాళ్ల భాషలో గలగలా మాట్లాడటం మొదలుపెట్టింది. అంతవరకూ అంత గొంతు ఆమెకుందని నాకు తెలియదు. మేనేజర్ కూడా గదిలోంచి తొంగి చూశాడు. ఉన్నట్టుండి ఫోను తెచ్చి కౌంటర్ అద్దానికి ఆనించి నాకు చూపించింది. తెరమీద తలకు గుడ్డ కట్టుకున్న ఒక నడివయసు ఆమె. నన్ను చూసి ఏదో చెబుతోంది. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంది. నాకు ఒక్క మాట అర్థం కాలేదు. ఇంగ్లీషు ఆమెకు రాదు.

"నీ బిడ్డ మంచిగున్నదమ్మా. మేం చూసుకుంటున్నం. నువ్వు ఫికరు పడకు" అన్నాను తెలుగులోనే. ఆమె తల ఊపింది. నా వరుసలో నిలబడ్డ రైతులు ఎవరూ నవ్వలేదు. తర్వాతి మనిషి తన పాస్‌బుక్కు ఇవ్వడానికి కూడా కాసేపు ఆగాడు.

ఆ తర్వాత ఏడాదిపాటు మేం పక్కపక్క గదుల్లో ఉన్నాం. ఒక ఆదివారం ఆమె మక్కపిండి తెచ్చి, నీళ్లు మరగబెట్టి, గరిటెతో తిప్పి గట్టి ముద్ద చేసింది. వాళ్ల దేశపు తిండి చూపిస్తానని చాలా గొప్పగా పిలిచింది. చూస్తే మా నాయనమ్మ చేసే గట్క. నేను చెబితే ఆమె నమ్మలేదు. ఆ రోజు టీచరమ్మ కూడా మేడమీదికి వచ్చి, చేపల పులుసు వాసనకు కొంగు అడ్డం పెట్టుకుని, గట్క మాత్రం మజ్జిగతో కలుపుకుని తింది.

అట్లని నా ఒంటరితనం పోయిందని చెప్పలేను. రోజూ సాయంత్రం గోడ అవతల ఆమె ఫోన్ మాటలు వినిపించేవి. తల్లి, పిన్ని, తమ్ముళ్లు, హైదరాబాదులో స్నేహితురాళ్లు. నవ్వులు. నేను వింటూ బట్టలు మడతపెట్టుకునేదాన్ని. అంత దూరంలో ఉండి ఆమెకు మాట్లాడేవాళ్లు ఎంతమందో ఉన్నారు. మిర్యాలగూడ నాకు బస్సులో పోతే పూట కూడా పట్టదు, ఫోన్ చేసి చెప్పడానికి మాత్రం నాకు ఏమీ ఉండేది కాదు.

ఒకసారి అన్న కొడుకు పుట్టినరోజుకు ఆమెను వెంట తీసుకెళ్లాను. హుజూర్‌నగర్ మీదుగా పోయి, మిర్యాలగూడలో దిగేసరికి మిల్లుల దగ్గర ఉడికిన వడ్ల వాసన గుప్పుమంది. అన్నం వండుతున్నారా ఊరంతా అని ఆమె అడిగింది. ఇంట్లో వదిన, చుట్టుపక్కల వాళ్లు అందరూ ఆమె చుట్టూ చేరారు. ఫోటోలు దిగారు, ప్రశ్నలు అడిగారు, నేను ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేస్తూ కూర్చున్నాను. తిరుగు బస్సు ఎక్కి కూర్చున్నాం. తర్వాత మెల్లగా అడిగింది. దాదా, మీ ఇంట్లో నీతో ఎవరూ ఎందుకు మాట్లాడలేదు అని.

మాట్లాడారు గదా, పొద్దంతా నేనేగా మాట్లాడింది అన్నాను. వాళ్లు నా సంగతులే నీ ద్వారా అడిగారు, నీ సంగతి ఎవరూ అడగలేదంది. బస్సు నేరేడుచర్ల దాటింది. ఆమె నా భుజంమీద తల పెట్టి నిద్రపోయింది. నేను కదలకుండా కూర్చున్నాను.

తర్వాతి వేసవిలో ఆమెకు హైదరాబాదులో స్నేహితురాళ్లున్న కాలేజీకి మారే వీలు దొరికింది. నాతో చెప్పడానికి జంకింది. నేనే ముందు, పో, మంచిదే, అక్కడ నీవాళ్లున్నరు అన్నాను. అది మనసులోంచే అన్నాను. సామాను కట్టడంలో సాయం చేశాను. టీచరమ్మ ఆవకాయ సీసా ఇచ్చింది, కారం తక్కువ వేసి ప్రత్యేకంగా కలిపానంది. పొద్దున్నే కోదాడ బస్‌స్టాండులో ఎక్కించి, బస్సు బైపాసు మలుపు తిరిగేదాకా నిలబడి, అక్కణ్నుంచే ఆఫీసుకు వెళ్లాను. ఆ రోజు సంత రోజు. జనం ఎక్కువ. తలెత్తే తీరిక లేకపోవడం మంచిదే అయింది.

ఇంటికి రాగానే తెలిసింది. పక్క గది తలుపు తెరిచి ఉంది. నేల తుడిచి, తాళంచెవి కిటికీలో పెట్టి వెళ్లింది. నేను కొద్ది రోజులపాటు అన్నం కొంచెం ఎక్కువే వండాను. తర్వాత అలవాటు తప్పింది.

టీచరమ్మ ఆ గదిని ఒక కొత్త జంటకు ఇచ్చింది. వాళ్లు వాళ్ల లోకంలో ఉండేవాళ్లు. టీచరమ్మ మాత్రం అప్పుడప్పుడు టీవీ చూద్దువు రమ్మని కిందికి పిలిచేది. ఆమె కుర్చీలో, నేను చాపమీద. సీరియల్‌లో వాళ్లు అరుచుకుంటుంటే చూసేవాళ్లం. ఆ పిల్ల ఉంటే ఈ పాటికి ఏం చేస్తుండేదో అని ఒకరోజు తనే అంది. ఆమె సౌండు కొంచెం పెంచింది.

నాకు మిర్యాలగూడకు బదిలీ అయింది. అన్న ఇల్లు రెండు వీధులవతలే ఉన్నా, వేరే ఇల్లు కిరాయికి తీసుకున్నాను. ఈసారి ఇల్లు అడగడానికి పోయినప్పుడు, మీ ఆయన ఎక్కడ అంటే, లేడని మామూలుగా చెప్పాను. కొందరు ఇవ్వలేదు. ఒకరిచ్చారు. ఆదివారం పూట అన్న ఇంటికి పోయి భోజనం చేసి వస్తాను. వదిన వడ్డిస్తుంది, పిల్లలు వాళ్ల ఫోన్లలో ఉంటారు. ఎవరిమీదా నాకు కోపం లేదు.

ఆ పిల్ల మొదట్లో వారం వారం ఫోన్ చేసేది. తర్వాత పండుగలకు. తర్వాత ఇద్దరికీ చెప్పుకునేందుకు మాటలు తగ్గిపోయాయి. ఆమె తెలుగు మర్చిపోతోంది, నా ఇంగ్లీషు కూడా.

పోయిన ఆదివారం మధ్యాహ్నం అన్న ఇంటినుంచి వచ్చాక ఫోన్ మోగింది. చదువైపోయిందట. వచ్చే నెలలో ఇంటికి వెళ్లిపోతుందట. పోయేముందు మిర్యాలగూడ వచ్చి నన్ను చూసిపోతానంది. నేను వెంటనే, ఎండలు బాగున్నయ్, అంత దూరం నీకు పరేషాన్, వద్దులే అన్నాను. సరే అంది. మంచి జరగాలని చెప్పి ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక మంచంమీద కూర్చుండిపోయాను. ఎందుకు వద్దన్నానో నాకు అర్థం కాలేదు. వచ్చి పోయాక మళ్లీ కోదాడలో లాగా ఖాళీ గది చూడవలసి వస్తుందనేమో. ఫ్యాను తిరుగుతోంది, మిల్లు సైరన్ మోగి ఆగింది. ఫోను తీసి చేశాను. బిజీ అని వచ్చింది. కాసేపాగి మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఇగ చేయడం బాగుండదనుకుని, లేచి గిన్నెలు తోమడం మొదలుపెట్టాను.

సాయంత్రం తనే చేసింది. తల్లితో మాట్లాడుతున్నానంది. నేను ఏ ఉపోద్ఘాతం లేకుండా, శనివారం రా, రెండు రోజులుండేట్టు రా అన్నాను. బస్సు ఎక్కడెక్కాలి, ఎక్కడ దిగాలి అని అడిగింది. నల్లగొండ మీదుగా వచ్చే బస్సు ఎక్కమని, బస్‌స్టాండులో దిగి కదలకుండా అక్కడే నిలబడమని, నేనొచ్చి తీసుకుపోతానని చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది.

ఈ ఇంట్లో పరుపు ఒక్కటే ఉంది. రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఇంకొకటి కొనాలి.